ఆగి ఉన్న కారులో బ్యాటరీ పడే పాట్లు

జంగారెడ్డిగూడెంలో పొగాకు వేలం కేంద్రాలు రెండున్నాయి. వేలం జరిగే ఎండాకాలపు రోజుల్లో వాటి చుట్టుపక్కలా, మంగళవారాల్లో గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గరా రోడ్డు వారన కార్లు బారులు తీరి ఉంటాయి. ముందు అద్దానికి లోపలివైపు చిన్న కెమెరా అతికించుకున్న కార్లు ఈమధ్య అక్కడక్కడా కనిపిస్తున్నాయి. డాష్‌క్యామ్ అంటున్న ఈ కెమెరా బండి నడుస్తున్నంతసేపూ దారిని రికార్డు చేస్తుంది. కొనేవాళ్ళలో చాలామందికి మరో ఆశ కూడా ఉంటుంది. తాళం వేసి వెళ్ళిపోయాక ఎవరైనా గీకిపోయినా, గుద్దిపోయినా కెమెరా పట్టిస్తుందన్న ఆశ అది. ఆ ఏర్పాటు పేరు పార్కింగ్ మోడ్. ఇంజిన్ ఆగిన కారులో గంటల తరబడి కరెంటు అందితేనే అది పనిచేస్తుంది. ఆ కరెంటు ఇవ్వాల్సింది బానెట్ కింద కూర్చున్న 12 వోల్టుల బ్యాటరీ. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో అడిగేవాళ్ళం, ఈ బ్యాటరీ ఏ పని కోసం పుట్టిందో అడగం. అడిగితే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ఈ బ్యాటరీ మూలరూపం 1859లో ఫ్రాన్స్‌లో పుట్టింది. గాస్టన్ ప్లాంటే అనే శాస్త్రవేత్త రెండు సీసపు రేకులు తీసుకుని, ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో అడ్డు పెట్టి, చాపలా చుట్టి, గంధకామ్లం కలిపిన నీళ్ళలో ముంచాడు. అంతకు ముందున్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే మళ్ళీ లేచేవి కావు. ప్లాంటే చేసినదానికి కరెంటు ఎదురు పంపిస్తే తిరిగి నిండింది. ప్రపంచంలో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ అదే. 1881లో కామిల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడును ముద్దగా మెత్తి దాని శక్తిని బాగా పెంచాడు. నేటి కారు బ్యాటరీలోనూ జరిగేది అదే రసాయనం. కరెంటు ఇస్తున్నకొద్దీ రెండు రకాల పలకలూ లెడ్ సల్ఫేటుగా మారుతుంటాయి, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే అంతా వెనక్కి తిరుగుతుంది. అయితే వెంటనే ఛార్జి చేయాలి. సల్ఫేటు మొదట సన్నటి పొడిగా ఉంటుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలు కట్టి, ఇక ఎంత కరెంటు పంపినా కరగదు. బ్యాటరీ ‘చచ్చిపోయింది’ అని మెకానిక్ అన్నప్పుడు చాలాసార్లు లోపల జరిగింది ఇదే.

ఈ బ్యాటరీ మోటారు కార్లలో పక్కా చోటు సంపాదించుకున్నది 1912లో. అంతకు ముందు ఇంజిన్‌ను హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. హ్యాండిల్ వెనక్కి కొట్టి చేతులు విరిగినవాళ్ళు లెక్కకు మిక్కిలి. కరెంటు మోటారుతో తిప్పాలంటే ఆ మోటారు ఇంజినంత పెద్దది కావాలని అప్పటి ఇంజినీర్ల నమ్మకం. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరుకు అంతకు ముందు దుకాణాల గల్లాపెట్టె యంత్రానికి కరెంటు మోటారు అమర్చిన అనుభవం ఉంది. ఆ పెట్టె తెరుచుకోవడానికి మోటారు ఒక్క క్షణం పనిచేస్తే చాలు. క్షణం పాటే పనిచేసే మోటారును దాని తాహతుకు మించి వాడుకోవచ్చని ఆయన గ్రహించాడు. ఆ సూత్రంతోనే సెల్ఫ్ స్టార్టర్ చేశాడు. 1912 క్యాడిలాక్ కార్లకు అది అమర్చి వచ్చింది. సీసపు బ్యాటరీ స్వభావాన్ని నిర్ణయించిన మలుపు ఇదేనని నా అభిప్రాయం. అప్పటినుంచీ కారు బ్యాటరీని రెండు మూడు సెకన్లు విజృంభించేలా తయారు చేస్తున్నారు. పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇచ్చేసి, ఆ వెంటనే ఇంజిన్ తిప్పే ఆల్టర్నేటర్ నుంచి తీసుకున్నది పూడ్చుకోవడం దాని బతుకు. ఇళ్ళలో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ వేరు. దాని పలకలు మందం, నెమ్మదిగా చాలాసేపు ఇవ్వగలదు. కారు బ్యాటరీ ఒక్క కూతలో గీత దాటి తిరిగొచ్చే కబడ్డీ ఆటగాడు. పార్కింగ్ మోడ్‌లో మనం ఆ ఆటగాడి చేత రాత్రంతా కావడి మోయిస్తున్నాం.

లెక్క వేసి చూద్దాం. సెల్ఫ్ కొట్టినప్పుడు సుమారు 200 ఆంపియర్లు 3 సెకన్ల పాటు పోతాయనుకుంటే, ఆంపియర్లనూ సెకన్లనూ గుణిస్తే 600 వస్తుంది. డాష్‌క్యామ్ తినేది 4 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఆంపియర్‌లో మూడో వంతు. చాలా కొద్దిగా కనిపిస్తుంది. కానీ సాయంత్రం 7 నుంచి ఉదయం 7 దాకా 12 గంటలు లెక్కేస్తే అది 14,400 అవుతుంది. ఒక్క రాత్రి కెమెరా నడిస్తే 24 సార్లు సెల్ఫ్ కొట్టినంత. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా ఉండే బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. కారు సొంత కంప్యూటరూ, తాళపు అలారమూ తాగే కొద్దిపాటి కరెంటును కూడా కలిపితే, కెమెరా రాత్రీ పగలూ నడిస్తే కొత్త బ్యాటరీయే రెండు రోజులు తిరక్కుండానే సగానికి వస్తుంది. పెళ్ళికి వెళ్ళి మూడు రోజులు కారు కదపకపోతే నాలుగో రోజు సెల్ఫ్ పట్టకపోవడంలో వింతేమీ లేదు.

మరి పొద్దున్నే ఇంటి నుంచి బస్టాండు సెంటర్ దాకా వెళ్ళొస్తే నిండదా? నిండదు. సీసపు బ్యాటరీ మొదటి భాగాన్ని త్వరగా మింగుతుంది, చివరి ఐదో వంతును మాత్రం గంటల తరబడి నెమ్మదిగా తీసుకుంటుంది. పది నిమిషాల ప్రయాణాలతో రాత్రి పోయినది పూర్తిగా తిరిగి రాదు. రోజూ కొంచెం కొంచెం అప్పు పేరుకుపోతుంది. ఏలూరుకో రాజమండ్రికో వెళ్ళొచ్చే కారుకూ, ఊళ్ళోనే తిరిగే కారుకూ ఇక్కడ చాలా తేడా ఉంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం హార్డ్‌వైర్ కిట్. ఇది మూడు తీగల చిన్న పెట్టె. ఒక తీగ ఫ్యూజు బాక్సులో ఎప్పుడూ కరెంటుండే చోటికి పోతుంది. రెండోది తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటికి పోయి, బండి నడుస్తోందో ఆగిందో కెమెరాకు చెబుతుంది. మూడోది ఎర్తు, కారు బాడీకి బోల్టు కింద బిగించాలి. సిగ్నళ్ళ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ తలకు ఓ సెన్సార్ ఉంటుంది. ఎర్తును నేరుగా ఆ తలకు కలిపితే కెమెరా తీసుకున్నది సెన్సార్ లెక్కలోకి రాదు, అందుకే బాడీకే ఇవ్వాలి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి వెళ్ళకూడదని మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు.

కిట్‌లో అసలు ప్రాణం దాని కటాఫ్. బ్యాటరీ వోల్టేజి నిర్ణయించిన గీత కిందికి దిగగానే కెమెరాకు కరెంటు ఆపేస్తుంది. తీరిగ్గా ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర సగం, 12.0 దగ్గర దాదాపు పావు వంతే మిగిలి ఉంటుంది. 11.9 కిందికి పోతే దాదాపు ఖాళీ. కొన్ని కిట్లలో 11.6 వోల్టుల అమరిక కూడా ఉంటుంది. కెమెరా ఎక్కువసేపు నడుస్తుందని దాన్ని ఎంచుకోవడం బ్యాటరీకి ఉరి బిగించడమే. 12.2 కన్నా కిందికి పెట్టకండి. బ్యాటరీ పాతదైతే 12.4 పెట్టండి. కెమెరా ముందుగా ఆగిపోవచ్చు, పొద్దున బండి మాత్రం కదులుతుంది.

కరెంటు పొదుపు చేసే దారులు కెమెరాలోనే ఉన్నాయి. సెకనుకు ఒక్క బొమ్మ తీసే పద్ధతి ఒకటి, కదలిక కనిపిస్తేనే దాచుకునే పద్ధతి ఒకటి. అన్నిటికన్నా తక్కువ తినేది, దెబ్బ తగిలితే తప్ప నిద్ర లేవని పద్ధతి. దానితో రోజులు గడుస్తాయి. అయితే అది నిద్రలేచేలోపు గుద్దిన బండి పక్కకు తప్పుకుని పోవచ్చు. ఏ పద్ధతైనా ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

మన ప్రాంతంలో దీనికి ఎండ తోడవుతుంది. మే నెలలో నీడ లేని చోట ఆగిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మామూలు లిథియం అయాన్ సెల్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, 45 దాటాక ఛార్జి చేయకూడదు. లోపల చిన్న లిథియం సెల్ ఉన్న చౌక కెమెరాలు వేసవిలో ఉబ్బిపోవడానికి కారణం అదే. సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరాలు ఆ వేడిని బాగా తట్టుకుంటాయి. కెపాసిటర్‌లో కొద్ది సెకన్ల కరెంటే నిలుస్తుంది, కరెంటు తెగినప్పుడు చివరి ఫైలును భద్రంగా మూసేందుకు అది చాలు. పార్కింగ్ మోడ్‌ను అది నడపలేదు. గ్లవ్ బాక్సులో ఫోను పవర్‌బ్యాంక్ పెట్టి తీగ లాగడం కూడా మే నెలలో ప్రమాదమే. బానెట్ కింద ఉన్న సీసపు బ్యాటరీకీ ఎండ పగే. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని బ్యాటరీ ఇంజినీర్ల లెక్క.

ఈ కథలో తెలుగువాళ్ళ పాలు చిన్నది కాదు. చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో దాని కర్మాగారం వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, రైల్వేల వంటి వాటికి బ్యాటరీలు చేసిన ఆ సంస్థ 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చింది. జంగారెడ్డిగూడెం కార్లలో నేడు కెమెరాల భారం మోస్తున్నవాటిలో అవీ ఉన్నాయి. అదే సంస్థ తెలంగాణలో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, లిథియం సెల్ల కర్మాగారం తలపెట్టింది. 2023 మే నెలలో దానికి శంకుస్థాపన జరిగింది.

పార్కింగ్ మోడ్‌కు అసలైన జవాబు లిథియంలోనే ఉంది, అయితే వేరే రకంలో. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్, ఆయనతో పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి ప్రకటించారు. ఇందులో ఫాస్ఫేటు ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి వేడికి సులువుగా అంటుకోదు. కొద్దిగా ఖాళీ చేసినా, లోతుగా ఖాళీ చేసినా వేల సార్లు ఓర్చుకుంటుంది. సీసపు బ్యాటరీకి లేని గుణం అదే. ఈ రకం సెల్లు నాలుగు వరసగా కలిపితే 12.8 వోల్టులు. 7.5 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో 96 వాట్ అవర్లు ఉంటాయి, 4 వాట్ల కెమెరాను ఒక రోజంతా నడుపుతాయి. బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి నిండుతుంది, ఆగినప్పుడు కెమెరాను తనే పోషిస్తుంది. కారు బ్యాటరీ జోలికే పోదు. దీన్నీ డాష్‌బోర్డు మీద కాక సీటు కింద నీడలో పెట్టాలి. ఖరీదు కెమెరా ధరను మించవచ్చు. రాత్రంతా వీధిలో కారు ఉంచక తప్పనివారికి నేను సిఫారసు చేసేది ఇదే. అద్దానికి అతికించే చిన్న సోలార్ పలకల మీద ఆశ పెట్టుకోకండి. 10 వాట్ల పలక అద్దం వెనక నుంచి మంచి ఎండలో ఐదు గంటలు పనిచేసినా 50 వాట్ అవర్లకు మించదు, కెమెరాకు రోజుకు 96 కావాలి.

అంత ఖర్చు వద్దనుకుంటే ఒక్క మాట వినండి. కెమెరా బిగించే రోజునే ఆటో ఎలక్ట్రీషియన్ చేత బ్యాటరీని లోడ్ టెస్టర్‌తో పరీక్ష చేయించండి. మూడేళ్ళు దాటి పరీక్షలో నీరసంగా ఉందని తేలితే ముందు బ్యాటరీ మార్చండి. పార్కింగ్ మోడ్ ఆ తర్వాతే.