‘పెయిన్’ అంటే ఏ నొప్పి?

అమెరికాలో కొడుకు ఇంటికి వచ్చిన డెబ్బయ్యేళ్ళ తల్లికి ఒక రాత్రి ఒళ్ళంతా చెమటలు పట్టి ఆయాసం వచ్చిందనుకుందాం. ఎమర్జెన్సీ గదిలో నర్సు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఛాతీలో పెయిన్ ఉందా అని. “నొప్పేమైనా ఉందా అమ్మా?” అంటాడు కొడుకు. “నొప్పేం లేదు నాయనా, గుండెల మీద బండ పెట్టినట్టుంది, అంతే” అంటుంది తల్లి. కొడుకు ఆ జవాబులో మొదటి ముక్కను మాత్రమే ఇంగ్లీషులోకి మార్చి, పెయిన్ లేదని చెబుతాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఒక గుండెజబ్బు కాసేపైనా అజీర్తిగా చలామణీ కావడానికి అది చాలు.

చిక్కంతా రెండు మాటల వైశాల్యంలో ఉంది. వైద్యుడి నోట పెయిన్ అన్నది పెద్ద గొడుగు. బరువు, బిగింపు, మంట, పోటు, సలుపు అన్నీ దాని కిందికే వస్తాయి. తెలుగులో నొప్పి అంత విశాలమైనది కాదు. ముఖ్యంగా పెద్దతరం వాడుకలో బరువు వేరు, మంట వేరు, నొప్పి వేరు.

పెయిన్ అనే మాట ఇంగ్లీషుకు సొంతం కాదు. జరిమానా, శిక్ష అనే అర్థాలున్న లాటిన్ ‘పోయెనా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పెనాల్టీ దానికి దగ్గరి చుట్టమే. శరీరబాధను శిక్షగా భావించిన కాలపు జ్ఞాపకం ఆ పదంలో దాగి ఉంది. మన ‘యాతన’ కథ కూడా ఇంచుమించు ఇదే. సంస్కృతంలో అది చేసిన పాపానికి పొందే ప్రతిఫలం, ముఖ్యంగా నరకంలో పడే శిక్ష. నరకయాతన అనే సమాసం ఊరికే పుట్టలేదు. పెయిన్ రాకముందు ఇంగ్లీషువారు వాడుకున్న దేశీయపదాల్లో ‘సోర్’ ఒకటి. ఇప్పుడది పుండుకూ, తాకితే నొచ్చే చోటుకూ, వ్యాయామం తరువాతి ఒళ్ళునొప్పులకూ పరిమితమైంది. క్షమాపణగా చెప్పే ‘సారీ’ దీని నుంచి పుట్టినదే. రూపంలో పోలిక ఉన్నా ‘సారో’ మాత్రం వేరే వంశం.

హెడేక్‌లో ఉన్న ‘ఏక్’ కూడా పాత ఇంగ్లీషుదే. ఒకప్పుడు క్రియకూ నామానికీ వేరువేరు ఉచ్చారణ ఉండేది. నామాన్ని చకారంతో పలికేవారు. చివరికి క్రియ ఉచ్చారణా నామం వర్ణక్రమమూ మిగిలి, చదివేవారిని ఇప్పటికీ తికమకపెడుతున్నాయి. ఆ పదానికి గ్రీకు మూలం ఉందని 1755 నాటి నిఘంటువులో పొరపడిన శామ్యూల్ జాన్సన్ ఆ వర్ణక్రమం స్థిరపడటానికి తనవంతు సాయం చేశాడు. అర్థం మాటకొస్తే ఏక్ అనేది మొద్దుగా, ఆగకుండా, చాలాసేపు ఉండే నొప్పి. కాళ్ళు పీకుతున్నాయన్నా, గుంజుతున్నాయన్నా దాదాపు ఇదే. క్షణంలో మెరిసి మాయమయ్యే ‘ట్విన్జ్’ దీనికి పూర్తిగా భిన్నం. వంగి బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమనడం అదే. ‘స్టింగ్’, ‘స్మార్ట్’ అనేవి చురుక్కుమనడం. ఇలాంటి అనుకరణ ధ్వనుల్లో తెలుగుకున్న సంపద ఇంగ్లీషుకు లేదు.

‘హర్ట్’ ఒక్కటే ఇంగ్లీషులో దేహానికీ మనసుకూ సమానంగా పనికివచ్చే తేలికమాట. తెలుగులో ఆ పని నొచ్చు అనే ధాతువు చేస్తుంది. కాలు నొస్తుంది, మనసు నొచ్చుకుంటుంది, ఎదుటివారిని నొప్పించకూడదు. కన్నడంలో నోవు అంటే నొప్పి. తమిళంలో నోయ్ అంటే ఏకంగా జబ్బే.

వచనం మారితే అర్థం మారిపోయే వింత కూడా ఉంది. నిండు గర్భిణి గురించి “నొప్పులు వస్తున్నాయి” అంటే ఏ నొప్పులని ఎవరూ అడగరు.

రోగుల మాటల్లోని ఈ ఛాయలను శాస్త్రం పట్టించుకున్న సందర్భం ఒకటి ప్రస్తావించాలి. మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలు 20 గుంపులుగా ఉన్నాయి. ఒక గుంపులో సలుపు, దరువు వంటి నాడీస్పందనతో కూడినవి. మరోదానిలో వేడి, మంట. ఇంకోదానిలో నొక్కడం, కొరకడం, నలిపివేయడం. శిక్షించేది, క్రూరమైనది అనే మాటలకూ ఒక గుంపు ఉంది. పోయెనా అక్కడ మళ్ళీ తొంగిచూస్తుంది.

మాట మారితే మందు మారుతుంది. గోరుచుట్టు సలుపుతుందంటే లోపల చీము చేరుతోందేమో చూడాలి. మెలిపెట్టినట్టు వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే కడుపునొప్పి అయితే పిత్తాశయంలోనో మూత్రనాళంలోనో రాయి ఉందేమోనని, పేగుల్లో అడ్డు ఉందేమోనని అనుమానించాలి. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్న వ్యక్తి అరికాళ్ళు మండుతున్నాయంటే అది ఎక్కువగా నరాల బాధ. దాన్ని ‘ఫుట్ పెయిన్’ అని కుదించి చెబితే ఐబుప్రొఫెన్ వంటి మాత్ర చేతికి రావచ్చు. ఆ మాత్ర నరాల మంటను పెద్దగా తగ్గించదు. అసలే దెబ్బతినగల మూత్రపిండాల మీద మాత్రం భారం వేస్తుంది. ఒళ్ళు మండుతోందని, కడుపు మండుతోందని తెలుగువారు అన్న ప్రతిసారీ ఇంత కంగారుపడనక్కరలేదు. కొన్ని మంటలకు కారణం ఇంట్లోవాళ్ళే.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించే తెలుగు మాట గుండెపోటు. పోటు పొడవడం నుంచి వచ్చింది. కత్తిపోటు, పక్కపోటు, చెవిపోటు అన్నిటిలోనూ మొన ఉంటుంది. ‘శూల’లోనూ ఆయుధమే ఉంది. గుండెకు రక్తం అందనప్పుడు మాత్రం సాధారణంగా పొడిచినట్టు ఉండదు. బరువుగా, బిగదీసినట్టు, పట్టేసినట్టు ఉంటుంది. విలియం హెబర్డెన్ 1768లో లండన్ వైద్యుల ముందు దీన్ని వర్ణిస్తూ ఎన్నుకున్న ‘అంజైనా’ అన్న పేరుకు మూలార్థం గొంతు నొక్కడం; యాంగ్విష్, యాంగ్జైటీ, యాంగర్ కూడా ఆ మూలానికి చెందినవే. రోగులు చాలామంది వేలితో చూపించకుండా పిడికిలి బిగించి రొమ్ముకు ఆనించి చూపిస్తారు. ఆ పిడికిలి గుండెపోటు అనే మాటకన్నా నిజానికి దగ్గర. పోటు లేదు కనుక గుండె కాదని, గ్యాస్ అయివుంటుందని, తెల్లవారేదాకా ఆగుదామని అనుకునేవారికి ఆ పదమే కొంత కారణం కావచ్చు. వృద్ధుల్లో, స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో ఆ బరువు కూడా లేకుండా ఆయాసం, చెమట, వికారం, నీరసం మాత్రమే కనిపించడం అరుదేమీ కాదు.

ప్రభుత్వ నిధులు తీసుకునే అమెరికా ఆసుపత్రులు రోగికి ఉచితంగా దుబాసీని సమకూర్చాలని చట్టం చెబుతుంది. ఫోనులోనైనా తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. దుబాసీ వచ్చేలోపు పక్కనున్న కొడుకో కూతురో “నొప్పి ఉందా?” అనడం మాని “ఎలా ఉందమ్మా?” అని అడిగితే, బండ పెట్టినట్టుందన్న జవాబును బండతో సహా ఇంగ్లీషులో చెప్పేస్తే, ‘ప్రెషర్’ అన్న మాట నర్సుకు తానే తడుతుంది.

ఆ తరువాత వచ్చేది సున్నా నుంచి పది వరకు అంకె వెయ్యమనే ప్రశ్న. మంత్రసాని చేతిలో నలుగురిని కన్న తల్లికి పది అంటే ఏమిటో స్పష్టంగా తెలుసు. దాని పక్కన ఈ బండ బరువు ఆమె లెక్కలో మూడో నాలుగో అవుతుంది. కొడుకు నర్సుకు అంకెతో పాటు ఆ లెక్క కూడా చెప్పాలి.