దానమునకు లెక్క

దానము మన గోదావరి సీమకు క్రొత్త ధర్మము కాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఆకలిగొని వచ్చినవారికి వేళ గాని, కులము గాని చూడక అన్నము పెట్టిన కీర్తి నేటికిని చెక్కు చెదరలేదు. అన్నదానమునకు వేరు ఋజువు అక్కరలేదు. నిండిన కడుపే సాక్షి. కాని నేటి దానములలో పెక్కు అట్టివి కావు. బడికి, వైద్యమునకు, మంచినీటికి ఇచ్చిన ధనము ఫలించినదో లేదో వెంటనే కంటికి కానరాదు. లెక్క అవసరమగునది ఇక్కడనే.

బడులు తెరచు జూను మాసమున జంగారెడ్డిగూడెము వంటి పట్టణములలో నోటుపుస్తకములు పంచు దాతలకు కొరత యుండదు. సభ జరుగును, దండలు పడును, ఛాయాచిత్రము పత్రికకు చేరును. ఆ పుస్తకముల వలన బిడ్డకు చదువెంత వచ్చినదని అడుగువారు మాత్రము అరుదు.

ఆ ప్రశ్న అడిగినవారు మన గడ్డమీదనే కలరు. 2005లో, అవిభక్త ఆంధ్రప్రదేశమున, రాష్ట్ర ప్రభుత్వము, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకు కలిసి ఐదు జిల్లాల పల్లె బడులలో ఒక పరీక్ష ఆరంభించినవి. చీట్లు వేసినట్లు బడులను ఎన్నుకొని, కొన్నిటికి సామగ్రి కొరకు ధనమిచ్చిరి. కొన్నిటిలో పిల్లల చదువు పెరిగినకొలది ఉపాధ్యాయులకు బహుమానమిచ్చిరి. కొన్నిటికి ఏమియు నీయక పోల్చి చూచిరి. సామగ్రి ధనము అనుకోకుండ వచ్చిన మొదటి యేట పిల్లల మార్కులు పెరిగినవి. రెండవ యేట ఆ మేలు కానరాలేదు. కారణమేమి? ధనము వచ్చునని ముందే యెరిగిన తల్లిదండ్రులు తాము పెట్టు ఖర్చును తగ్గించుకొనిరి. పేద కుటుంబమునకు అదియు ఉపకారమే. కాని దాత తలపెట్టినది అది కాదు. ఉపాధ్యాయులకు బహుమానమిచ్చిన బడులో, ఇంచుమించు అంతే వ్యయముతో సామగ్రి పొందిన బడులకంటె మిన్నగా నిలిచినవి. పరీక్షింపకున్నచో ఈ భేదము ఎవరికి తెలియును?

ధర్మసంస్థలకు తరగతులు కట్టు పద్ధతియు పాశ్చాత్య దేశములలో ప్రబలినది. ఆఫీసు ఖర్చు తక్కువగా నున్న సంస్థయే ఉత్తమమని చాలకాలము ఎంచిరి. అది పొరపాటు లెక్క. జమాఖర్చులు వ్రాయు గుమాస్తాను తీసివేసిన సంస్థకు ఖర్చు తగ్గును. తన పని ఫలించినదో లేదో తెలియకయు పోవును. అట్టి తరగతులు కట్టు మూడు అమెరికా సంస్థలే 2013లో దాతలకు బహిరంగలేఖ వ్రాసి, ఈ ఒక్క కొలతను నమ్మవలదని హెచ్చరించినవి. 2007లో వెలసిన గివ్‌వెల్ అను సంస్థ అడుగు ప్రశ్న వేరు: ఇంత ధనముతో ఎన్ని ప్రాణములు నిలుచును? ఆ ప్రశ్న వలననే మలేరియా ప్రబలిన ఆఫ్రికా దేశములలో దోమతెరలు పంచు పని దాని జాబితాలో ముందు నిలిచినది.

అట్లని పరదేశపు జాబితాను కన్నులకద్దుకొని ఇక్కడ అమలు జరుపుమని మేము చెప్పము. ఆఫ్రికాలో నెగ్గిన ఉపాయము బుట్టాయగూడెము ఏజెన్సీ కొండలలో అంతే నెగ్గునని నిశ్చయము లేదు. అక్కడి జ్వరములను అక్కడనే లెక్కింపవలెను. ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మందునే మరల పంచినచో అది ఏటిలో నీరు పోసినట్లగును. మరియు ముదుసలి ఒంటరితనము వంటి దుఃఖములు కొన్ని ఏ తరగతికిని లొంగవు. లొంగనంతమాత్రమున అవి లేకపోలేదు.

లెక్క చూచుట దయకు విరుద్ధమని కొందరందురు. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండినవో లెక్కించు రైతునకు భూమిపై ప్రేమ లేదనువారు కలరా? దేశమును, కాలమును, పాత్రను ఎరిగి ఇమ్మనుట మన పెద్దల మాటయే.

కావున దాతలు ఏ సంస్థనైనను మూడు సంగతులు అడుగుదురు గాక: మీరు లేకున్న ఈ పని జరుగకుండునా? మీరు రాక పూర్వము స్థితి యేమి, నేటి స్థితి యేమి? మీ పనిలో ఫలింపనిది ఏది? మూడవదానికి జవాబు చెప్పగలిగిన సంస్థను మేము ఎక్కువ నమ్ముదుము. రాబోవు జూనులో ఒక్క ధర్మసంఘమైనను పుస్తకములు పంచుటకు ముందు పిల్లలచేత ఒక పుట చదివించి, మార్చిలో మరల చదివించి, ఆ రెండు లెక్కలను దండల ఛాయాచిత్రమునకు బదులు ప్రకటించిన చాలును.