తెరలోని తెర

లెక్కల పద్దులు వ్రాయునదైనను, ఉత్తరములు చదివించునదైనను, విండోస్ కంప్యూటర్లపై నడచు ప్రోగ్రాములలో పెక్కు తమ గర్భమున ఒక చిన్న బ్రౌజరును ఇముడ్చుకొని, సహాయపుటలను, లాగిన్ పుటలను దానియందే చూపుచుండును. సాంద్రమైన తెరగల కొత్త లాప్‌టాప్‌పై అట్టి పాత ప్రోగ్రామును తెరచినప్పుడు, బటన్లు సలక్షణముగానే యుండి, లోపలి పుటలోని అక్షరములు మాత్రము కన్ను చిట్లించినగాని అందనంత సూక్ష్మములై కానవచ్చుట కలదు.

విండోస్ అంగుళమునకు 96 చుక్కలన్న లెక్కను (డీపీఐ) చిరకాలము ప్రమాణముగా పాటించినది. వెబ్ పుటల రూపమును నిర్దేశించు సీఎస్ఎస్ సైతము అంగుళమును 96 పిక్సెళ్ళుగానే నిర్వచించినది. చుక్కలు చిక్కనైనకొలది అక్షరము కుంచించుకొనిపోవును గనుక, 125, 150, 200 శాతములని పెంచుకొను సౌకర్యము సెట్టింగులలో కల్పింపబడినది. ఈ పెంపు ఎవరు చేయవలెనన్నదే వ్యాజ్యమంతయు. పెంపు సంగతి తనకు తెలియునని ప్రోగ్రాము ప్రకటింపనియెడల, విండోస్ విస్టా కాలమునుండి విండోస్ దానిని 96 లెక్కననే గీయించి, ఆ బొమ్మను సాగదీసి చూపును: పరిమాణము సరిపోవును, అంచులు మసకబారును. ప్రకటించినచో విండోస్ చేతులు దులుపుకొనును. ప్రోగ్రాము తన బటన్లను తాను పెంచుకొనును. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ యంత్రముతో నడచు లోపలి బ్రౌజరు మాత్రము, ఎవరును చెప్పనందున, 100 శాతమువద్దనే నిలిచియుండును.

చెప్పు మార్గము లేకపోలేదు. ఆ బ్రౌజరు గెట్‌హోస్ట్‌ఇన్ఫో అను పిలుపుద్వారా తన కాశ్రయమిచ్చిన ప్రోగ్రాము కోరికలను విచారించును. ఆ జవాబులో డీపీఐ ఎరుకను తెలుపు ఒక్క ఫ్లాగును చేర్చిన చాలును, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 మొదలుకొని అది తెర కొలతను గ్రహించును. ఈ ఫ్లాగు నెరుగనివారును, ఎరిగియు ఆ శ్రమకు జంకినవారును, ఆప్టికల్ జూమ్ ఆజ్ఞతో పుటను 150 శాతమునకు నెట్టి సరిపుచ్చుకొనిరి. పని జరిగినది గాని, ఆ అలవాటు కోడులో మిగిలిపోయినది. 2020లో వెలువడిన వెబ్‌వ్యూ2 అను కొత్త లోపలి బ్రౌజరు తెర కొలతను స్వయముగా పాటించునట్టిది. 150 శాతముగల తెరపై దానికిని జూమ్‌ఫ్యాక్టర్ అను గుణకమును 1.5 అని వ్రాసినచో, అత్త వేసిన ఉప్పు కోడలు మరల వేసినట్లు, ఒకటిన్నర ఒకటిన్నరచే గుణింపబడి పుట 225 శాతమునకు ఉబ్బును. నా మతమున, ఇట్టి కోడును సవరించువాడు కొత్త గుణకమును చేర్చుటకు ముందు పాతదానిని వెదకి తొలగింపవలెను.

రెండు తెరలవారి పాట్లు వేరు. 150 శాతముగల తెరనుండి 100 శాతముగల మానిటరుపైకి విండోను లాగినప్పుడు, కోరిన ప్రోగ్రాములకు ఆ మార్పును తెలుపు సందేశము 2013 నాటి విండోస్ 8.1 మొదలుకొని వచ్చుచున్నది. ఆరంభమున ఒక్కసారి లెక్కకట్టి ఊరకుండు ప్రోగ్రాము అచ్చట తడబడును.

వ్రాసినవారు దొరకని ప్రోగ్రామైనచో, వాడువారు దాని ఫైలుపై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ భాగమున హై డీపీఐ సెట్టింగులను తెరచి, స్కేలింగ్ భారమును సిస్టమ్‌కు అప్పగింపవచ్చును. అక్షరము కొంత మసకబారును గాని, చదువుటకు వీలగును.