తప్పిపోయిన తోకచుక్క 116 ఏళ్లకు దొరికింది!

శాంటా క్లారాలో ఉండే మన తెలుగు కుటుంబాలకు లిక్ మిల్ బులెవార్డ్ కొత్త పేరేమీ కాదు. 1850లలో జేమ్స్ లిక్ అనే సంపన్నుడు అక్కడ గ్వాడలూప్ నది ఒడ్డున పిండిమర కట్టించాడు. ఆ మర పేరే వీధికి మిగిలింది. ఆయన ఒక పెద్ద టెలిస్కోపు కోసం 7 లక్షల డాలర్లు రాసిపెట్టి 1876లో కన్నుమూశాడు. ఆ డబ్బుతోనే మన కౌంటీలోని మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీ వెలిసింది. ఆ కొండ మీద మొదలైన ఒక కథ ఈసారి మన పిల్లల కోసం.

1892 అక్టోబరు 13 రాత్రి ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ అక్కడ పాలపుంతను ఫొటో తీస్తున్నాడు. పేదరికం వల్ల చిన్నతనంలోనే ఫొటో స్టూడియోలో పనికి కుదిరిన మనిషి ఆయన. మనం శ్రవణం అని పిలిచే నక్షత్రం ఉన్న వైపు తీసిన పలకను కడిగి చూస్తే, చుక్కల మధ్య మసకగా ఒక గీత! కెమెరా కంటికి దొరికిన మొదటి తోకచుక్కగా అది పేరు పొందింది.

కానీ కొద్ది వారాలకే అది కనుమరుగైంది. కొన్నేళ్లకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుందని తెలిసింది గాని, అంత తక్కువ కాలం చూసిన దారితో కచ్చితమైన లెక్క కుదరలేదు. పిల్లలూ, మీరే చూడండి. ఒక్కో చుట్టుకు 10 రోజులు తేడా వస్తే 20 చుట్లకు ఎంత? 200 రోజులు! అప్పుడు ఆకాశంలో వెతకవలసిన చోటే మారిపోతుంది. దానికి తోడు 1922లోనూ, 1934లోనూ ఆ తోకచుక్క గురుగ్రహం దగ్గరగా పోయింది. గురువు బరువైనవాడు కదా, దాని దారిని పక్కకు లాగాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండ తగిలినప్పుడు తోకచుక్కలోని మంచు ఆవిరై చిమ్ముతుంది. ఆ విసురుకు తోకచుక్క కూడా తారాజువ్వలాగా కాస్త పక్కకు జరుగుతుంది. బార్నార్డ్ దాన్ని మళ్లీ చూడకుండానే 1923లో మరణించాడు.

2008 అక్టోబరు 7న అరిజోనాలోని మౌంట్ లెమ్మన్ మీద ఆండ్రియా బోఆటినికి ఒక తోకచుక్క కనబడింది. కొత్తదే అనుకున్నారు. దాని కక్ష్య లెక్కకట్టి, కాలంలో వెనక్కి నడిపించి చూస్తే, అది 1892 నాటి బార్నార్డ్ తోకచుక్కే! ఈ మధ్యలో 20 సార్లు సూర్యుణ్ణి చుట్టి వచ్చింది. ఇప్పుడు దాని పేరు 206పి బార్నార్డ్–బోఆటిని.

కక్ష్యను సరిదిద్దడం మన దృక్సిద్ధాంత పంచాంగం పద్ధతిలాంటిదే. లెక్క చెప్పిన చోటు ఒకటి, కంటికి కనబడిన చోటు ఇంకొకటి. ఆ తేడా తగ్గేదాకా లెక్కను దిద్దుతూ పోవాలి. ఎంత ఎక్కువ కాలం చూస్తే లెక్క అంత గట్టిపడుతుంది. అందుకే 1892 నాటి పాత కొలతలు 116 ఏళ్ల తరువాత బంగారమయ్యాయి. ఎవరో శ్రద్ధగా రాసి ఉంచకపోతే బార్నార్డ్ పేరు ఆ తోకచుక్కకు తిరిగి దక్కేది కాదు.

ఆకాశంలో తోకచుక్క చోటు చెప్పాలంటే చుట్టూ ఉన్న నక్షత్రాల చోటు ముందు తెలియాలి. మన హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీ కూడా అంతర్జాతీయ ఆకాశ పట పథకంలో పాలుపంచుకుని, లక్షల నక్షత్రాల స్థానాలను ఫొటో పలకల మీద కొలిచింది. అది మనవాళ్లు పెట్టిన మైలురాళ్ల వరస.

1759లో హేలీ తోకచుక్క రాకను క్లెరో, లలాండ్, మదాం లెపోత్ నెలల తరబడి చేత్తో లెక్కకట్టారు. ఏప్రిల్ మధ్యలో సూర్యుడి దగ్గరికి వస్తుందన్నారు, మార్చి 13నే వచ్చేసింది. అదే హేలీ మళ్లీ 2061 జూలైలో రాబోతోంది. ఇప్పుడు బడికి పోతున్న మన పిల్లలు అప్పటికి నడివయసులో ఉంటారు. ఈ వేసవి సెలవుల్లో ఒకరోజు వారిని మౌంట్ హామిల్టన్‌కు తీసుకువెళ్లండి. మలుపుల దారి సుమా, నెమ్మదిగా నడపండి!