మ్రోతయు మోతయు

ఇబ్రహీంపట్నమనగానే పెద్దలకు ఇబ్రహీం కుతుబ్ షా కాలపు పెద్ద చెరువు స్ఫురించును. పిల్లలకు సాగరు రోడ్డు వెంబడి వెలసిన ఇంజనీరింగు కళాశాలలు స్ఫురించును. కళాశాలల వార్షికోత్సవములలో బృందము కట్టి పాడుట, వాయించుట నేడు పరిపాటి. అందు మన ఆడపిల్లలును ఉందురు. గిటారు కొనియిచ్చితిమి, ఇక ఖర్చు తీరినదని తలంచు తల్లికి కొలది నాళ్లలోనే “అమ్మా, ఆంప్లిఫయరు కావలెను” అను రెండవ కోరిక వినవచ్చును. కొన్ని వేలు మొదలుకొని లక్షకు పైబడిన ధరలవఱకు లభించు ఈ పెట్టెలలో దేనిని కొనవలెను? ఇంటి డబ్బు లెక్క చూచుకొను స్త్రీలు ఎఱుగదగిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

ఎలెక్ట్రిక్ గిటారునకు వీణకు వలె కుండ లేదు. తీగెల కదలికను పికప్పు అను అయస్కాంత సాధనము సన్నని విద్యుత్తుగా మార్చును. దానిని పెంచి నాదముగా వినిపించునదే ఆంప్లిఫయరు. ఇది పాశ్చాత్యుల వేడుక మాత్రమే యని త్రోసివేయరాదు. 1969లో పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతమును లోకమునకు వినిపించినది ఎలెక్ట్రిక్ మాండలినుపైననే.

భజనలకు వాడు మైకుసెట్టు చాలదా యని కొందఱు అడుగుదురు. మైకునకై చేసిన రంధ్రములో గిటారును నేరుగా తగిలించినచో, ఆ రెంటికి పొత్తు కుదురక స్వరము మొద్దుబారును. అదియునుగాక గిటారు పెట్టెలోని స్పీకరు గీరుమను పైశబ్దములను అణచి, నాదమునకు ఒక గుణము నిచ్చును. కావున పెట్టె అవసరమే.

అంగడిలో మొదట వినవచ్చు మాట వాట్లు. ఏబది వాట్లకంటె నూఱు వాట్లది రెండింతలు గట్టిగా మ్రోగునని అనుకొనుట సహజము. కాని అది నిజము కాదు. వాట్లు రెండింతలైనచో పెరుగునది 3 డెసిబెల్లులే. చెవికి రెండింతలుగా తోచుటకు వాట్లు సుమారు పదింతలు కావలెను. కాబట్టి నూఱు వాట్లకై అదనముగా పోయు సొమ్మునకు తగిన ఫలము దక్కదు. అట్లని పడకగదిలో సాధనకు చేసిన పది వాట్ల చిన్న పెట్టెను డ్రమ్ముల ప్రక్కన నిలిపిన అది వినబడదు. ట్రాన్సిస్టరులతో చేసినదైనచో 12 అంగుళముల స్పీకరు గల 50 వాట్ల పెట్టె చిన్న సభకు చాలును. పెద్ద మైదానములో పెట్టెను పెంచనక్కరలేదు. దాని వెనుకనుండి మైకుసెట్టునకు తీగె నిచ్చు సదుపాయమున్న చాలును. అది కలదా యని తప్పక అడుగవలెను.

రకములు ముఖ్యముగా మూడు. గాజు వాల్వులవి మధురమైనవని పేరు. కాని వెల హెచ్చు, బరువు హెచ్చు, వాల్వులు అరిగినప్పుడు మార్చవలెను. ట్రాన్సిస్టరులవి చవుక, గట్టివి. వీనిని తక్కువగా చూడరాదు. 1975లో రోలాండు సంస్థ వెలువరించిన జె.సి. 120 ఈ జాతిదే. మూడవది పలు పెట్టెల స్వరములను కంప్యూటరు విధానమున అనుకరించునది. ఉదాహరణకు బాస్ సంస్థవారి కటానా 50 బరువు సుమారు 12 కిలోలు. అర వాటు వఱకు శక్తిని తగ్గించు మీట కలదు. పగలు సభకు, సాయంకాలము ఇంటి సాధనకు ఒకటే పెట్టె సరిపోవును గనుక, క్రొత్తగా కొనువారికి ఈ జాతి అనుకూలమని మా అభిప్రాయము.

బరువు సంగతి ఏమరరాదు. ఇబ్రహీంపట్నమునుండి బస్సులో ఎల్.బి. నగరు వఱకు, అటనుండి మెట్రోలో నగరమునకు పోవు పిల్లకు ఇరువది కిలోల పెట్టె ఎంత శ్రమ! దానిని మోయుటకు అన్నయో, స్నేహితుడో రావలెనన్నచో, వారు రాని దినమున ఆమె వాద్యము మూలపడును. తన పెట్టెను తాను మోయగల పిల్ల తన వేళకు తాను పోగలదు. కావున అంగడిలో ఒకసారి పిల్లచేతనే పెట్టెను ఎత్తించి, నాలుగు మెట్లు ఎక్కించి చూడుడు.

ప్రాణమునకు సంబంధించిన మాట ఒకటి కలదు. పెట్టెకు మూడు పుల్లల ప్లగ్గు ఉండవలెను. దానిని తగిలించు చోట ఎర్తు సరిగా ఉండవలెను. ఎర్తు లేని పందిళ్లలో చేత గిటారు తీగెలు, పెదవికి మైకు తగిలినప్పుడు ఘాతము కలుగవచ్చును. విదేశమునుండి బంధువులు తెచ్చు పెట్టె 120 వోల్టులదైనచో మన 230 వోల్టులకు నేరుగా తగిలింపరాదు. నూఱు డెసిబెల్లుల మ్రోత పావుగంటకు మించి ప్రతిదినము వినుట చెవులకు హాని. ఇయర్‌ప్లగ్గుల వెల స్వల్పమే.

కొనబోవునప్పుడు పిల్ల తన గిటారునే వెంట తీసికొని పోవలెను. తీగె, ముసుగు, మరమ్మతు దొరకు చోటు, వారంటీ గడువు ఇవన్నియు లెక్కలో చేర్చిన తరువాతనే వెల నిర్ణయింపవలెను. పై మెఱుగునకు, పేరునకు ఇచ్చు అధిక ధనమును ఆమె సంగీత శిక్షణమునకు మిగిల్చినచో, ఆ పెట్టెనుండి వెలువడు నాదము నానాటికి ఇంపగును.