ఆటలో అబ్బు భాష

పల్లెటూరి బడిలో మధ్యాహ్నపు గంట కొట్టగానే చెట్టునీడకు పరుగెత్తి, ఒకరి కన్నులు మరియొకరు మూసి, ఎదుటికి వచ్చినవారి పేరు చెప్పుమని వీరి వీరి గుమ్మడిపండు ఆడుకొను బాలబాలికలను చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. గడియ క్రిందట ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసిన ఆంగ్లవాక్యమును ముక్తకంఠముతో పదిసార్లు వల్లించి, పదునొకండవసారి మరచిపోయిన ఈ పిల్లలే, ఆటలోని మాటను నూరుసార్లు పలికియు విసుగు చెందరేమి? లోపము వారి మేధస్సులో లేదు, జ్ఞాపకశక్తిలోను లేదు. తరగతిలోని మాటతో వారికి పని లేదు; ఆటలోని మాటతో పని ఉన్నది. పరభాషాబోధనలో ఆటపాటలకు గల స్థానమును గ్రహింపగోరువారు ఈ చిన్న భేదమునుండియే బయలుదేరవలెను.

ఆ గుమ్మడిపండు ఆటనే తరగతిలోనికి తెచ్చి చూతము. కన్నులు మూసుకొన్న బాలిక వెనుకకు ఒకరు మెల్లగా వచ్చి గొంతు మార్చి "గుడ్ మార్నింగ్" అందురు. ఆమె "ఈజ్ ఇట్ రాము?" అని అడుగవలెను, రాము కానిచో తరగతియంతయు "నో, ఇట్ ఈజ్ నాట్" అనవలెను, మూడు ప్రశ్నలలో ఆనవాలు పట్టలేనిచో ఆమె మరల కన్నులు మూసుకొనవలెను. తెలుగున ప్రశ్న వేయుట మిక్కిలి సులభము: "రాముడు" అను మాట చివర ఒక్క దీర్ఘము తీసి "రాముడా?" అన్న చాలును. ఆంగ్లమున అట్లు కాదు. వాక్యమధ్యమున కుదురుగా కూర్చున్న క్రియ లేచి ముందునకు రావలెను. దీనిని సూత్రముగా విన్న బాలుడు పరీక్షాపత్రమున వ్రాయునేమో గాని నోట పలుకుటకు తడబడును. గెలువవలెనను పట్టుదలతో పదేపదే ప్రశ్నించిన బాలికకో, ఆ క్రమము నాలుకకే అలవడును.

నోరు విప్పుటకు ముందే చెవికిని దేహమునకును పని కల్పింపవలెనను తలంపు నిన్న మొన్నటిది కాదు. 1922లో జపాను విద్యాశాఖకు సలహాదారుగా వెళ్లిన హెరాల్డ్ పామర్ అను ఆంగ్లేయుడు, 1925లో టోక్యోలో ప్రకటించిన గ్రంథమునకు "చేష్టలద్వారా ఆంగ్లము" అను అర్థము వచ్చు పేరే పెట్టెను. 1960వ దశకమున కాలిఫోర్నియాలో జేమ్స్ ఆషర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, విద్యార్థులకు రష్యను, జపాను భాషలను కేవలము ఆజ్ఞావాక్యములతో నేర్పి ఈ మార్గమును పరీక్షించెను. దీని మర్మము ప్రతి యింటను ఉన్నదే: "రా", "కూర్చో", "బంతి ఇటు తే" అని తల్లి పలుకగా, మాటలు రాని పసివాడు సైతము ఆ పని చేయును, అర్థగ్రహణము ముందు, ఉచ్చారణము తరువాత. తరగతిలో గురువు "పుట్ ద బుక్ ఆన్ ద చెయిర్" అని తాను చేసి చూపి, పిమ్మట పిల్లలచే చేయించి, వారు ఏమరియుండగా "ఆన్" తీసి "అండర్" అన్నప్పుడు, పుస్తకము పైన పెట్టినవానిని చూచి అందరును నవ్వుదురు, నవ్వబడినవాడును నవ్వును. మనము "కుర్చీ క్రింద" అని వస్తువు వెనుక చెప్పుదానిని ఆంగ్లేయులు ముందు చెప్పుదురను సంగతి చేతులకు తెలిసిపోవును. ఇంటిలో ఆంగ్లమెరుగక, తప్పు పలికినచో నవ్వులపాలగుదునేమో యని వెనుక బల్లలో ముడుచుకొని కూర్చుండు పిల్లవాడు, నోరు మెదపకయే ఇందు పాల్గొనగలడు.

ఇక పాట విషయము. మన భాష అజంతము. హల్లుతో ముగియు మాట మన నోటికి ఇమడదు గనుకనే బుక్కు, బస్సు అని అచ్చు చేర్చుకొంటిమి. మన ఛందస్సున లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ప్రతి యక్షరమునకును దాని వంతు దానికి ముట్టును. ఆంగ్లమున పెత్తనమంతయు ఊనిక పడిన అక్షరములది. తక్కినవి వాని నడుమ ఒదిగి, నలిగి పలుకబడును. చప్పట్లు కొట్టుచు "గర్ల్స్ డ్రింక్ మిల్క్" అనుడు, మూడు చప్పట్లు. "ద గర్ల్స్ ఆర్ డ్రింకింగ్ ద మిల్క్" అనుడు; అక్షరములు మూడు ఏడయినను చప్పట్లు మూడే. ఈ లయరహస్యమును ఎన్ని గంటలు ఉపన్యసించినను చెవికెక్కింపజాలము. చప్పట్లతో ఐదు నిమిషములలో ఎక్కింపవచ్చును. న్యూయార్కు విశ్వవిద్యాలయమున విదేశీయులకు ఆంగ్లము నేర్పిన కరోలిన్ గ్రాహమ్, తాను స్వయముగా జాజ్ సంగీతము నెరిగినదగుటచే, నిత్యసంభాషణలనే తాళబద్ధము గావించి 1978లో "జాజ్ చాంట్స్" అను పుస్తకముగా వెలువరించినది.

పెద్ద తరగతులవారికి ఆలోచన కల్పించు పనులు కావలెను. దక్షిణ భారతమున 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మొదలగు చోట్ల పాఠశాలలలో ఎన్. ఎస్. ప్రభు నడిపిన ప్రయోగమున వ్యాకరణపాఠములకు మారుగా ఇట్టి పనులే యుండెను: రైళ్ల పట్టిక నిచ్చి, ఏ రైలెక్కిన ఏ వేళకు చేరుదురో తేల్చుమనుట వంటివి. ఒకరు ఎరిగినది మరియొకరికి తెలుపుట, ఎరిగినదానినుండి ఎరుగనిదానిని రాబట్టుట, తన అభిప్రాయమును వెల్లడించుట అని ఆయన పనులను మూడు తెగలుగా విభజించి, వానిలో రెండవదియే తరగతికి మిక్కిలి అనుకూలమని తేల్చెను. మనస్సు అర్థముపై లగ్నమైయున్న వేళ వ్యాకరణము దానంతట అది లోన కుదురుకొనునన్నది ఆయన సిద్ధాంతము.

అయినను ఆట పేరు పెట్టినదెల్ల పాఠము కాదు. అరువదిమంది గల తరగతిలో ఇద్దరు నల్లబల్లకు పరుగుపందెము తీయుచుండ తక్కినవారు చూచుచు కూర్చుండు ఆట కంటె, అందరి పలకలపైనను మాటలు వ్రాయించి, గురువు పిలిచిన మాటను కొట్టివేయించు తంబోలా వేయి రెట్లు మేలు. ఆట నియమములను తెలుగున చెప్పుట దోషము కాదు. దొరలిన తప్పులను ఆట ముగిసిన పిదప దిద్దుట ఉత్తమము. అర్థ మెరుగని శిశుగీతములను డజనుకొలది అప్పగించు బాలుడు, దాహమైనప్పుడు ఆంగ్లమున మంచినీళ్లు అడుగలేకపోయినచో ఆ పాటలు అతిథులకు వినోదమే గాని వానికి విద్య కావు.

కావున ఉపాధ్యాయులు ఏ ఆటనైనను ఎన్నుకొనుటకు ముందు తమలో తాము ఒక ప్రశ్న వేసికొందురు గాక: ఆంగ్లమును వినకయు, పలుకకయు, చదువకయు ఈ ఆటను గెలువవచ్చునా? గెలువవచ్చునేని అది విశ్రాంతివేళకు తగిన ఆట, చెట్టునీడన ఆడుకొననిండు. గెలువరానిదేని రేపటి పాఠము దానితోనే మొదలుపెట్టుడు.