నేనింతే అనుకోకండి



"నాకు లెక్కలు రావండీ, చిన్నప్పట్నుంచీ అంతే." "మా వాడికి చెబితే ఎక్కదు, చూపిస్తేనే ఎక్కుతుంది." "నేను గొడవల జోలికి పోను, నా స్వభావమే అంత." ఇలాంటి మాటలు మనం రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్క లేదు. మన గురించీ, మన పిల్లల గురించీ మనమే ఒక తీర్పు చెప్పేసి, ఇక దానికి తిరుగులేదనుకుంటాం. మనం ఎలా నేర్చుకుంటాం, తగువు వస్తే ఎలా నడుచుకుంటాం అన్నది ఎవరికి వారు తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొన్ని ప్రశ్నాపత్రాలు తయారుచేశారు. వాటిని ఎంతవరకు నమ్మాలి, ఇంట్లో మనకి అవి ఎలా పనికొస్తాయి అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందుగా ఒక హెచ్చరిక. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే ఆచార్యుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు. వారం తరవాత "ఇదీ మీ స్వభావం" అంటూ ఒక్కొక్కరికీ ఒక కాగితం అందించి, అది ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వెయ్యమన్నారు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే, అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే! అందులో మాటలు చాలామటుకు బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. నలుగురూ మెచ్చుకోవాలని ఉంటుంది అంటే, ఎవరికి వర్తించదు చెప్పండి? అందుకని ఏ ప్రశ్నాపత్రం చేతికొచ్చినా, అది మనల్ని మురిపిస్తోందా, లేక మనం చేసే పనిని మనకి చూపిస్తోందా అని ఆలోచించుకోవాలి. మొదటిది జాతకం. రెండోది అద్దం. మనకి కావలసింది అద్దం.

ఇక చదువు సంగతి. న్యూజీలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన 1987లో ఒక ప్రశ్నాపత్రం రూపొందించారు. బొమ్మలూ పటాలూ చూసి నేర్చుకోవడం ఇష్టమా, విని నేర్చుకోవడమా, చదివి రాసుకోవడమా, చేతులతో చేసి నేర్చుకోవడమా అని అది తేలుస్తుంది. ఇది ఎన్నో దేశాల బడుల్లోకి వెళ్ళింది. ఎవరి ఇష్టం వాళ్ళకి తెలియడంలో తప్పేమీ లేదు. అయితే "వీడు చూసి నేర్చుకునే రకం కాబట్టి, వీడికి అన్నీ చూపించే నేర్పాలి" అంటే నిజంగా చదువు బాగా వస్తుందా? 2008లో నలుగురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, అలా రకాన్నిబట్టి నేర్పితే లాభముందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చారు.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లిక ఎలా వస్తుందో ఆలోచించండి. పిల్ల తల్లి పక్కన కూచుని వేళ్ళ కదలిక చూస్తుంది. తల్లి నోటితో లెక్కపెడుతుంటే వింటుంది. తనూ కొక్కెం సూది పట్టుకుంటుంది. లెక్క తప్పితే విప్పేసి మళ్ళీ అల్లుతుంది. ఇందులో చూడడం ఎంత, వినడం ఎంత, చెయ్యడం ఎంత? విడదీస్తే అల్లికే రాదు. ఏ విద్యకి ఏది అవసరమో ఆ విద్యే చెబుతుంది. పాటకి చెవి కావాలి, పటానికి కన్ను కావాలి, ఈతకి నీళ్ళు కావాలి.

డేవిడ్ కోల్బ్ అనే అమెరికన్ ఆచార్యుడు 1984లో రాసిన పుస్తకంలో చెప్పింది కూడా ఈ అల్లికకి దగ్గరగానే ఉంటుంది. చెయ్యడం, చేసింది ఎలా ఉందో చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, దాన్ని మళ్ళీ ప్రయత్నించడం అని నాలుగు మెట్లు చెప్పారాయన. ఆయన పేరున కూడా ఒక ప్రశ్నాపత్రం ఉంది. మీరు దాన్ని ఒక్క ప్రశ్నగా మార్చుకోవచ్చు: ఈ నాలుగు మెట్లలో నేను ఏది దాటేస్తున్నాను? కొందరు ఎన్నిసార్లు చేసినా, ఎక్కడ తప్పిందో చూసుకోరు. కొందరు పుస్తకమంతా చదువుతారు, చెయ్యి పెట్టరు. దాటేసిన మెట్టు తెలిస్తే సగం పని అయినట్టే.

పిల్లల విషయంలో ఇంకో మాట. చదివిందే మళ్ళీ మళ్ళీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తున్నది చెప్పడం, రాయడం మేలని 2006లో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. అయిదు నిమిషాల తరవాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి అయింది. వారం తరవాత అడిగితే, మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. మీరు కూర తరుగుతూ "ఏం చదివావో ఓసారి చెప్పమ్మా" అనడం పెద్ద సహాయం. "మా వాడు ఆ రకం కాదు" అని మాత్రం పిల్లవాడి ఎదుట అనకండి. అది వాడు పట్టుకుని కూచుంటాడు.

ఇక తగువుల సంగతి. కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు 1974లో ఒక ప్రశ్నాపత్రం ప్రచురించారు. అందులో 30 జతల వాక్యాలు ఉంటాయి. ఒక్కో జతలో మనం ఎక్కువగా చేసేది ఏదో గుర్తుపెట్టాలి. నాకు కావలసినదాని కోసం ఎంత గట్టిగా నిలబడతాను, ఎదుటివారికి కావలసినదాన్ని ఎంత పట్టించుకుంటాను అన్న రెండు కొలతలమీద అది నడుస్తుంది. వాటినిబట్టి అయిదు దారులు వస్తాయి. మన మాటల్లో చెప్పాలంటే పంతం, సర్దుబాటు, తప్పుకోవడం, బేరం, ఉభయతారకం.

నరసాపురంలో ఒక ఇల్లు అనుకుందాం. ఇల్లాలు లేసు అల్లి రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బుంది. కూతురు ఇంటరు ప్యాసై, రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుతానంటోంది. వానలొచ్చేలోగా ఆ డబ్బుతో ఇంటికప్పు బాగుచేయించాలంటారు భర్త. "నా చేతి డబ్బు, చదువుకే పెడతాను, ఇంకో మాట లేదు" అంటే పంతం. "సరేలెండి, కప్పే వేయించండి" అంటే సర్దుబాటు. "తరవాత చూద్దాం" అని వంటింట్లోకి వెళ్ళిపోతే తప్పుకోవడం. ఈలోగా కాలేజీలో చేరే గడువు దాటిపోతుంది. సగం అటు, సగం ఇటు పంచితే బేరం. కప్పూ పూర్తికాదు, ఫీజూ చాలదు. అయిదో దారిలో ఆవిడ "కప్పు ఎక్కడెక్కడ కారుతోంది? మీకు బెంగంతా దాని గురించేనా?" అని నిదానంగా అడుగుతుంది. కారేది ఒక్క గదిలోనే. ఆయన అసలు బెంగ పిల్లని దూరం పంపడం. అలా అయితే రోజూ వెళ్ళిరాగలిగే భీమవరంలో చేర్పించవచ్చు. హాస్టలు ఖర్చు తప్పుతుంది, ఆ గది కప్పూ బాగవుతుంది. పిల్ల చదువూ ఆగదు. ఉభయతారకం అంటే అది.

అలాగని మిగతా నాలుగూ చెడ్డవి కావు. పసివాడు పొయ్యి దగ్గరికి పోతుంటే పంతమే పట్టాలి. కూరలో ఉప్పు సంగతికి సర్దుకుపోవడమే నయం. ఇద్దరూ కోపంమీద ఉన్నప్పుడు కాసేపు తప్పుకుంటే మంచిది. ఎంతటి తగువుకీ ఒకే దారి పట్టడంలోనే చిక్కుంది. ముఖ్యంగా మన ఇళ్ళల్లో ఆడపిల్లకి సర్దుబాటు ఒక్కటే సుగుణమని నేర్పుతూ వచ్చారు.

ఇంకో సంగతి మరవకండి. చెయ్యి చేసుకునే ఇంట్లో ఈ అయిదు దారుల లెక్క పనిచెయ్యదు. అక్కడ సర్దుకోవలసింది ఏమీ లేదు. 181 నంబరుకి ఫోను చేసి సహాయం అడగాలి.

ఈ వారం మీరే ఒక పని చెయ్యండి. నోటుపుస్తకంలో ఈమధ్య వచ్చిన అయిదు తగువులు రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఎవరితో వచ్చింది, నాకేం కావాలి, వాళ్ళకేం కావాలి, నేనేం చేశాను అని నాలుగు గళ్ళు గీయండి. పిల్లలతో పంతం, అత్తగారితో సర్దుబాటు, కూరగాయలవాడితో బేరం, వాటా ఇవ్వవలసిన అన్నగారితో తప్పుకోవడం కనిపించవచ్చు. మనిషి మారితే మన దారి మారుతోందంటే, అది స్వభావం ఎలా అవుతుంది? అది అలవాటు. అలవాటుని మార్చుకోవచ్చు. మీ గురించి ఇదే లెక్క మీ వారినో, మీ అమ్మాయినో కూడా వెయ్యమనండి. మన వీపు మనకి కనపడదు కదా.

నరసాపురం లేసు పనివారిని గురించి జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వారి అల్లిక విదేశాలకి అమ్ముడుపోయేది. అయినా వారిని పనివాళ్ళుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కగట్టేవారనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి అదొక కారణమనీ ఆమె చూపించారు. మనిషిమీద వేసిన పేరు చివరికి ఆమె చేతికొచ్చే డబ్బుని కూడా తగ్గిస్తుందన్నమాట. కాబట్టి "నేను ఊరికే ఇంట్లోనే ఉంటానండీ" అనబోయే ముందు, పొద్దుట్నుంచీ చేసిన పనులు ఆ నోటుపుస్తకంలోనే ఓ పక్క రాసి చూడండి. వచ్చేసారి డబ్బు గురించి మాట వచ్చినప్పుడు ఆ పేజీ ఎదురుగా పెట్టుకుని మాట్లాడండి.